కిట్ స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్: వంకర సరిచేయడం, మౌంట్లు తెగకుండా బిగించడం

కిట్ కారులో, అంటే విడి భాగాలు కొని మనమే కూర్చుకునే కారులో, ఎగ్జాస్ట్ పైపు తన రంధ్రానికి ఎదురుగా రాకపోతే చాలామంది చేసే పని ఒకటే. చేత్తో లాగి, మోకాలితో నొక్కిపట్టి, బోల్టు దూర్చి బిగించేస్తారు. బిగించాక చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ లాగుడు ఎక్కడికీ పోదు, లోహంలోనే ఉంటుంది. దానికి వేడి, కుదుపు తోడయ్యాక కొన్నాళ్లకే రబ్బర్ మౌంట్ చిరుగుతుంది, లేదా మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను తెచ్చే పైపుల గుత్తి) ఫ్లాంజ్ (దాన్ని ఇంజన్‌కు బిగించే దళసరి పట్టీ) పక్కన వెల్డింగ్ పగులుతుంది. అప్పుడు తప్పంతా రబ్బరు మీదికి తోసి కొత్తది వేస్తారు. అదీ అలాగే తెగుతుంది.

మౌంట్ ఉన్నది బరువు మోయడానికి. పైపును దారిలోకి తేవడం దానితో చేయించకూడదు. మౌంట్లన్నీ తీసేసినా పైపు తన చోటుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపు నిలవాలి. అలా నిలవకపోతే సరిచేయాల్సింది పైపునే.

ఇక్కడ చెప్పే పద్ధతి ముఖ్యంగా లోటస్ సెవెన్ తరహా చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కార్లకు. వాటిలో పైపులు ఇంజన్ పక్కనుంచి బాడీ రేకు దాటి బయటికి వస్తాయి, సైలెన్సర్ కాక్‌పిట్ పక్కన పొడవుగా వేలాడుతుంది. పాత కోబ్రా స్పోర్ట్స్ కారును పోలి తయారయ్యే రెప్లికాల సైడ్ పైపులకూ ఇదే వర్తిస్తుంది.

పైపు ఎంత కదులుతుంది

వేడికి స్టెయిన్‌లెస్ 304 పైపు మీటరు పొడవున, 500 డిగ్రీలు పెరిగితే, సుమారు 9 మి.మీ. సాగుతుంది. మైల్డ్ స్టీలు అదే వేడికి 6–7 మి.మీ. సాగుతుంది. మానిఫోల్డ్ వైపు వేడి ఎక్కువ, సైలెన్సర్ వైపు తక్కువ కాబట్టి సాగడం అంతా ఒకేలా ఉండదు. అయినా ముందూ వెనకా గట్టిగా బిగించేసిన పైపుకు ఈ పెరిగిన పొడవు ఎక్కడికో పోవాలి. దారి దొరక్కపోతే అది అన్నిటికంటే బలహీనమైన చోటును విరుస్తుంది.

ఇంజన్ ఊగడం రెండోది, దీన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. కారు పొడవునా కూర్చున్న ఇంజన్ రబ్బర్ మౌంట్ల మీద 2 డిగ్రీలు పక్కకు ఒరిగిందనుకోండి. క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) మధ్య నుంచి 400 మి.మీ. బయటికి వచ్చిన పైపు దగ్గర అది 14 మి.మీ. పైకో కిందికో కదలికవుతుంది. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ఇంజన్ అయితే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు డ్రైవర్ సీట్లో నుంచి చూస్తే ఎడమ వైపు లేస్తుంది, కుడి వైపు దిగుతుంది. కుడి వైపు ఎగ్జాస్ట్ ఉన్న కారులో పైపు ఛాసిస్ గొట్టాన్ని కింది వైపున కొట్టేది అందుకే. గేరు మార్చి కాలు తీసినప్పుడు కదలిక తిరగబడుతుంది కాబట్టి సందు రెండు వైపులా కావాలి.

గుర్తులు చూసి కారణం పట్టడం

స్పానర్ పట్టకముందే కారు కింద లైటు వేసి తీరిగ్గా చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్‌టిక్‌మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర లీకు ఉన్నట్టు. లోహం వ్యాకోచించి సందు మూసుకోవడం వల్ల చప్పుడు ఆగుతుంది. గ్యాస్కెట్ అంచున నల్లటి మసి చార కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. దీనికి విరుద్ధంగా, చల్లగా ఉన్నంతసేపు నిశ్శబ్దంగా ఉండి పది నిమిషాల తర్వాత టకటక మొదలైతే, సాగిన పైపు ఎక్కడో తగులుతోంది. అక్కడ లోహం మెరిసేలా అరిగి ఉంటుంది.

పగులు ఎక్కడుందో కూడా చూడాలి. వెల్డింగ్ అంచు వెంబడి పైపు చుట్టూ పగిలితే పైపు మీద వంపు బలం పడుతోంది, అంటే సైలెన్సర్ బరువు మానిఫోల్డ్ మోస్తోంది. బ్రాకెట్ మొదట్లో పగిలితే బ్రాకెట్ పొడవు ఎక్కువై ఊగుతోంది. రబ్బరు ఒక వైపే చిరిగితే లాగి బిగించారు. రబ్బరు గట్టిపడి, పైన సన్నని నెర్రెలు కనిపిస్తే మటుకు వేడి ఎక్కువ తగులుతోంది.

ముందు ఇంజన్‌ను కొలవండి

పైపు కోయడానికి తొందరపడొద్దు. ఇంజన్ 5 మి.మీ. పక్కకు కూర్చుంటే ఎంత మంచి మానిఫోల్డ్ అయినా వంకరగానే కనిపిస్తుంది. కారును సమతలం మీద, నాలుగు స్టాండ్లపై, ఛాసిస్‌ను రసమట్టంతో సరిచూసి నిలపండి. క్రాంక్ పుల్లీ మధ్య నుంచి రెండు వైపుల ఛాసిస్ గొట్టాలకు ఉన్న దూరం కొలవండి. కొన్ని కిట్లలో డ్రైవర్ కాళ్లకు చోటు కోసం ఇంజన్‌ను కావాలనే కొద్దిగా పక్కకు పెడతారు. కాబట్టి కిట్ డ్రాయింగ్‌తో పోల్చి చూశాకే తీర్పు చెప్పండి.

తరచు దొరికే తప్పులు రెండు. ఎడమ, కుడి ఇంజన్ మౌంట్ బ్రాకెట్లు తారుమారు కావడం మొదటిది. గేర్‌బాక్స్ వెనక మౌంట్ రంధ్రాలు పొడవుగా ఉండటం వల్ల ఇంజన్ తోక ఒక పక్కకు జరిగిపోవడం రెండోది. కొత్త రబ్బర్ మౌంట్లు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో రెండు మూడు మి.మీ. కుంగుతాయి కూడా. అందుకే వాటి మీద ఇంజన్ బరువు పడి కొన్ని రోజులైనా కాకుండా ఎగ్జాస్ట్‌కు చివరి వెల్డింగ్ చేయకపోవడం మంచిది.

విప్పి, వదులుగా వేసి చూడటం

సైలెన్సర్, కలెక్టర్ (మానిఫోల్డ్ పైపులన్నీ ఒకటిగా కలిసే భాగం), మౌంట్లు అన్నీ తీసేయండి. మానిఫోల్డ్ ఫ్లాంజ్‌ను మందపాటి గాజు పలక మీద బోర్లించి, 0.15 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) అంచుల కింద దూరుతుందేమో చూడండి. పైపులు వెల్డ్ చేసినప్పుడు ఫ్లాంజ్ చివరలు లేస్తాయి, దాన్ని నట్లతో అణచిపెడితే స్టడ్లు (ఇంజన్‌లో బిగించి ఉండే, తల లేని బోల్టులు) తెగుతాయి. కొద్ది తేడా అయితే చదునైన పలక మీద ఎమరీ కాగితం పరిచి రుద్దవచ్చు. తేడా ఎక్కువైతే, పోర్టుకూ (ఇంజన్‌లో పొగ బయటికి వచ్చే రంధ్రం) పోర్టుకూ మధ్య ఉన్న ఫ్లాంజ్ పట్టీని కోసి విడదీస్తే ప్రతి పైపూ తన పోర్టు మీద తాను సరిగ్గా కూర్చుంటుంది. ఇది చూడటానికి మోటుగా ఉన్నా నాలుగు పైపుల మానిఫోల్డ్‌లో బాగా పనిచేసే ఉపాయం.

స్టడ్ రంధ్రాలను 1–1.5 మి.మీ. వరకు సాగదీయవచ్చు. అంతకు మించితే గ్యాస్కెట్ ముఖం మీద పట్టు తగ్గుతుంది. పైపు లోపలి అంచు పోర్టు లోపలికి పొడుచుకు రాకుండా చూసుకోండి. పైపు పోర్టు కంటే కాస్త పెద్దదైతే ఫర్వాలేదు, చిన్నదై గ్యాస్‌కు అడ్డు తగిలితే నష్టం.

ఇప్పుడు మానిఫోల్డ్‌ను మొత్తం గ్యాస్కెట్‌తో సహా బిగించి, కలెక్టర్‌ను, సైలెన్సర్‌ను వదులుగా తొడగండి. సైలెన్సర్‌ను జాకీ మీద చెక్క ముక్కతో ఆపండి. వెనక బ్రాకెట్ రంధ్రం నుంచి ఛాసిస్ రంధ్రానికి తేడా ఎంత ఉందో మూడు దిశల్లో, పైకీ కిందికీ, లోపలికీ బయటికీ, ముందుకూ వెనక్కీ కొలిచి కాగితం మీద రాసుకోండి. ముందుకూ వెనక్కీ ఉన్న తేడాను స్లిప్ జాయింట్, అంటే ఒక పైపు ఇంకోదానిలోకి జారే అతుకు, సర్దుకుంటుంది. మిగతా రెండింటికి పైపు కోణం మార్చాలి.

ఎక్కడ, ఎంత కోయాలి

ఈ లెక్క తెలిస్తే భయం పోతుంది. వెనక కనిపించే పెద్ద తేడాకు ముందు పెట్టే కోత చాలా చిన్నది. మీటరు పొడవు మీద 1 డిగ్రీ అంటే 17.5 మి.మీ. ఉదాహరణకు, కోసే చోటు నుంచి వెనక బ్రాకెట్ వరకు 1200 మి.మీ., అక్కడ తేడా 30 మి.మీ. అనుకుందాం. 30ని 1200తో భాగిస్తే 0.025. పైపు వ్యాసం 50 మి.మీ. అయితే, 50 ఇంటూ 0.025, అంటే 1.25 మి.మీ. మందం ముక్క ఒక పక్క తీస్తే చాలు. కోణంలో అది దాదాపు 1.4 డిగ్రీలే.

1 మి.మీ. కటింగ్ డిస్క్ వేసే గాటు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి ఇలాంటి తేడాకు విడిగా ముక్క తీయక్కర్లేదు. సైలెన్సర్ ఏ వైపు జరగాలో పైపుకు ఆ వైపున గాటు పెట్టి, చుట్టుకొలతలో మూడు వంతులు కోసి, కీలులా ఒక వంతు వదిలేయండి. సైలెన్సర్‌ను మెల్లగా ఆ వైపు నెడితే గాటు మూసుకుంటుంది. మూసుకున్న చోట మూడు ట్యాక్‌లు (చుక్కల్లా వేసే తాత్కాలిక వెల్డింగ్) వేసి మళ్లీ కొలవండి. సరిపోకపోతే అదే గాటులో ఇంకోసారి డిస్క్ తిప్పండి.

గాటు ఎప్పుడూ ముందు వైపు, కలెక్టర్ దాటాక నేరుగా ఉండే భాగంలో పెట్టాలి. వంపు మీద కోస్తే అంచులు కోడిగుడ్డు ఆకారంలో వచ్చి కలవవు. తేడా 3 డిగ్రీలు దాటితే గాటుతో సర్దడం మానేసి, వంపు తర్వాత పైపును పూర్తిగా కోసి, వంపును కొద్దిగా తిప్పి మళ్లీ కలపడం నయం. తిప్పేముందు కోసే చోటుకు రెండు వైపులా మార్కర్‌తో ఒకే గీత గీసుకోండి. లేకపోతే ఎంత తిప్పామో తెలియదు.

కారు మీద ట్యాక్‌లు మాత్రమే వేసి, అసలు వెల్డింగ్ పైపు దింపాక బల్ల మీద చేయండి. ట్యాక్ వేసేముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ప్లగ్గు, ఆల్టర్నేటర్ వైరు తీసేయాలి. ఎర్త్ క్లాంప్‌ను వెల్డ్ చేసే పైపుకే తగిలించాలి. ఛాసిస్‌కు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోవచ్చు. పెట్రోలు పైపులు దగ్గర్లో ఉంటే గ్రైండర్ కూడా కారు మీద వాడొద్దు. 304కు 308ఎల్ ఫిల్లర్ (వెల్డింగ్‌లో కరిగించి నింపే తీగ), స్టెయిన్‌లెస్‌ను మైల్డ్ స్టీలుతో కలిపే చోట 309ఎల్ వాడతారు. టిగ్ వెల్డింగ్‌లో పైపు లోపల కూడా ఆర్గాన్ నింపకపోతే లోపలి వైపు నల్లటి గరుకు పొక్కులు లేచి, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. జింక్ పూత ఉన్న బ్రాకెట్లు, నట్లు వెల్డ్ చేయాల్సి వస్తే పూతను పూర్తిగా రుద్ది తీసేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

మౌంట్లు

మామూలుగా దొరికేవి రెండు చివరల ఎం8 స్టడ్లు ఉండే గుండ్రటి రబ్బరు దిమ్మెలు. 30 మి.మీ. వ్యాసం, 40–60 షోర్ గట్టిదనం ఉన్నవి సైలెన్సర్‌కు సరిపోతాయి. దీని బలహీనత ఒక్కటే: రబ్బరుకూ లోహపు పళ్లేనికీ మధ్య అతుకు. బరువు దాన్ని నొక్కేలా లేదా అడ్డంగా కోసేలా పడితే ఏళ్లు ఆగుతుంది. నేరుగా కిందికి వేలాడదీసి లాగేలా పెడితే ఆ అతుకు ఊడుతుంది. అందుకని దిమ్మెను నిలువుగా వేలాడదీయకుండా అడ్డంగా పడుకోబెట్టండి. ఒక్కో చోట రెండేసి పెట్టండి, ఒకటి తెగినా రెండోది ఆపుతుంది. రెండింటి మధ్య లావు వాషర్, పొడవు బోల్టుతో ఒక భద్రతా లంకె ఉంటే సైలెన్సర్ రోడ్డు మీద పడదు.

బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి దాదాపు ఎవరూ గమనించరు. నట్టు చివరి తిప్పులో దిమ్మె కూడా తిరిగి మెలిపడుతుంది. ఆ మెలికతోనే జీవితాంతం పనిచేసి త్వరగా చిరుగుతుంది. బిగించేముందు రబ్బరు పక్కన తెల్ల పెయింటుతో నిలువుగా ఒక గీత గీయండి. బిగించాక గీత వంకర తిరిగితే నట్టు వదులు చేసి, దిమ్మె పళ్లేన్ని పట్టకారుతో పట్టుకుని మళ్లీ బిగించాలి.

సహజ రబ్బరు 70–80 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ కాలం ఉండలేదు. దిమ్మెను పైపుకు కనీసం 50 మి.మీ. దూరంలో ఉంచండి, చోటు లేకపోతే 200 డిగ్రీలు తట్టుకునే సిలికోన్ రబ్బరు వాడండి. మధ్యలో చిన్న అల్యూమినియం రేకు అడ్డు పెట్టినా తేడా తెలుస్తుంది.

సైలెన్సర్ డబ్బా రేకు మందం 1 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. దాని మీద నేరుగా బ్రాకెట్ వెల్డ్ చేస్తే బ్రాకెట్ ఆకారంలోనే ముక్క ఊడివస్తుంది. ముందు రేకు మీద గుండ్రటి మూలలున్న 1.5 మి.మీ. పట్టీ వెల్డ్ చేసి, దాని మీద బ్రాకెట్ పెట్టండి. అంతకంటే సులువు, డబ్బా చుట్టూ 30 మి.మీ. వెడల్పు స్టెయిన్‌లెస్ పట్టీ వేసి బిగించడం. అప్పుడు డబ్బాను తిప్పి, జరిపి సర్దుకునే వీలుంటుంది. బ్రాకెట్‌కు 3 మి.మీ. రేకు వాడి, వంపు మూలలో ఆసరాగా త్రికోణపు రేకు ముక్క వెల్డ్ చేస్తే ఊగదు.

స్లిప్ జాయింట్, స్ప్రింగులు

ఇంజన్ ఊగే వైపుకూ, ఛాసిస్‌కు వేలాడే వైపుకూ మధ్య ఎక్కడో ఒక చోట ఆట ఉండాలి. సెవెన్ తరహా కారులో అది కలెక్టర్ దగ్గర స్లిప్ జాయింట్. ఇంజన్ వైపు పైపు, వెనక వైపు పైపు లోపలికి దూరాలి. తిరగేసి పెడితే గ్యాస్ అంచును తన్ని బయటికి చిమ్ముతుంది. ఒకదానిలో ఒకటి 40–50 మి.మీ. దూరాలి. రెండింటి మధ్య వదులు 0.2–0.4 మి.మీ. అయితే చేత్తో తిప్పితే కదులుతుంది, లీకు కనిపించదు.

స్ప్రింగులు చుట్టూ సమానంగా మూడు ఉంటే మేలు. వాటి కొక్కేలు రెండు వైపులా ఒకే గీతలో లేకపోతే స్ప్రింగులే పైపును వంకరగా లాగుతాయి, అప్పుడు అప్పటిదాకా చేసిన సర్దుబాటు వృథా. యూ బోల్ట్ క్లాంపులు పైపును నొక్కి సొట్ట చేస్తాయి, మళ్లీ విప్పితే జాయింట్ ఊడిరాదు. ఆ చోట వెడల్పు పట్టీ క్లాంపులు వాడండి. అయితే ఆట కావలసిన జాయింట్‌ను క్లాంపుతో బిగించేస్తే ఆట పోయినట్టే. అప్పుడు వెనక దిమ్మెలే ఆ సాగుడంతా భరించాలి. అలాంటి అమరికలో దిమ్మెను చల్లగా ఉన్నప్పుడు 3–4 మి.మీ. ముందుకు వాలేలా పెడితే, వేడెక్కాక నిటారుగా నిలుస్తుంది.

లాంబ్డా సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) ఉంటే దానికి ముందున్న జాయింట్లలో లీకు అసలు ఉండకూడదు. బయటి గాలి లోపలికి పీల్చుకుని, మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని సెన్సర్ తప్పు చెబుతుంది, ఈసీయూ అదనంగా పెట్రోలు పోస్తుంది. మామూలు సిలికోన్ సీలెంట్ ఆవిరి ఆ సెన్సర్‌ను పాడుచేస్తుంది, కాబట్టి అక్కడ ఎగ్జాస్ట్ పేస్టే వాడాలి.

బిగించే వరుస

అన్నీ వేలితో తిరిగేంత వదులుగా తొడిగాక, ఇంజన్ వైపు నుంచి వెనక్కి బిగిస్తూ రావాలి. మానిఫోల్డ్ నట్లు మధ్య నుంచి చివరలకు, రెండు విడతల్లో. ఎం8 స్టడ్లకు 20–25 న్యూటన్ మీటర్లు మామూలు, మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. రాగి పూత నట్లు పట్టేసుకోవు. స్టడ్లకు వేడి తట్టుకునే కాపర్ గ్రీజు రాయండి. తర్వాత స్ప్రింగులు తగిలించి, చివరిగా దిమ్మెలు. ప్రతి దిమ్మె బోల్టు చేత్తో నెడితే దూరాలి. దూర్చడానికి స్క్రూడ్రైవర్‌తో మీటాల్సి వస్తే అక్కడ ఆగి, ఛాసిస్ బ్రాకెట్ రంధ్రాన్ని సాగదీయండి లేదా బ్రాకెట్ జరపండి.

సందులు, వేడి

ఛాసిస్ గొట్టాలకు, బాడీకి కనీసం 20–25 మి.మీ. సందు ఉండాలి, ఇంజన్ ఊగే దిశలో ఇంకాస్త ఎక్కువ. బాడీ రంధ్రం గ్లాస్‌ఫైబర్‌లో ఉంటే మరింత జాగ్రత్త: మామూలు పాలియెస్టర్ రెసిన్ 100 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడి, పెయింటు పసుపెక్కుతుంది. రంధ్రం చుట్టూ లోపలి వైపు అల్యూమినియం రేకును 10 మి.మీ. గాలి సందుతో బిగించండి. ఆ గాలి సందే అసలు పనిచేసేది, రేకు బాడీకి ఆనితే వేడి దాటిపోతుంది. పెట్రోలు పైపు, బ్రేకు గొట్టాలు 100 మి.మీ. దూరంలో లేకపోతే వాటికీ అడ్డు రేకు తప్పదు. పైపుకు వేడి తట్టుకునే గుడ్డ పట్టీ చుట్టడం మాత్రం మైల్డ్ స్టీలు పైపుకు మంచిది కాదు. తడిని పట్టి ఉంచి లోపల తుప్పు పెంచుతుంది, నూనె కారితే మంటకు ఆస్కారం.

వెనక చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు టైరుకూ సైలెన్సర్‌కూ సందు ఉందా అన్నది జాకీతో సస్పెన్షన్ ఎత్తి చూడండి. పైపు కొన కాక్‌పిట్ దాటి వెనక్కి, బయటికి తిరిగి ఉండాలి. ఓపెన్ కారులో సీటు వెనక గాలి పీడనం తగ్గి, పొగ తిరిగి లోపలికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పరీక్ష

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సందు తక్కువ అనిపించిన ప్రతి చోట చిన్న బంకమట్టి ముద్ద అతికించండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా, సైలెన్సర్‌కు ఎదురు వైపు నుంచి చెక్క కర్రతో ఇంజన్‌ను రెండు దిశలా బలంగా ఊపండి. ముద్ద 5 మి.మీ. కంటే పలచబడిన చోట సందు చాలదు.

లీకు కోసం, గాలి ఊదే అమరిక ఉన్న వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గుడ్డ చుట్టి సైలెన్సర్ కొనలో పెట్టి, ప్రతి జాయింట్ మీద సబ్బు నీళ్లు చల్లండి. మానిఫోల్డ్ ముఖం దగ్గర బుడగలు రాకూడదు. స్లిప్ జాయింట్ దగ్గర కొద్దిగా రావడం సహజమే.

తర్వాత కారు నడిపి పూర్తిగా వేడెక్కించి, ఆపి, పూర్తిగా చల్లారాక మానిఫోల్డ్ నట్లు మళ్లీ అదే టార్కుకు సరిచూడండి. వేడి మీద బిగిస్తే స్టడ్లు తెగుతాయి. 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి అదే పని చేసి, దిమ్మెల మీద తెల్ల గీతలు నిటారుగా ఉన్నాయా, స్లిప్ జాయింట్ చేత్తో ఇంకా కదులుతోందా, ట్యాక్ చేసి సర్దిన గాటు వెల్డింగ్ అంచున సన్నని గీత ఏమైనా కనిపిస్తోందా అని చూడండి.